పిడి అడుగున గాడి

మా కోడలు మంచి పిల్ల. ఈ మాట మొదటే రాసిపెడుతున్నాను, ఎందుకంటే కింద రాసేదంతా చదివాక నేను చెప్పినా మీరు నమ్మరు. ఆమె వచ్చిన తొలి ఏడాది నేను కళ్ళలో పోసుకున్న నిప్పులతో మా బెల్లంపల్లిలో సగం ఇళ్ళ పొయ్యిలు వెలిగేవి. అత్త కుళ్ళుకుంటోందంటే కొడుకు కోసమే అనుకుంటారు అందరూ. నా కొడుకును ఆమె కొంగున ముడేసుకున్నా నాకు పట్టింపు లేదు. వాడు ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో డంపర్ నడిపి వచ్చి, తిని పడుకునే మనిషి, ఎవరి కొంగున ఉన్నా ఒకటే. నేను ఏడ్చింది సొరుగు పిడుల కోసం.

మాది వడ్రంగం ఇల్లు. మా ఆయనది బోథ్ దగ్గర పల్లె, నాది కరీంనగర్. పెళ్ళయ్యాక ఇద్దరం ఈ బొగ్గుబాయిల ఊరికి వచ్చి పడ్డాం. ఇంటి ముందు రేకుల కిందే కార్ఖానా. బాయిలు నిండుగా నడిచిన రోజుల్లో ఆయన మంచాలు, దర్వాజాలు, సొరుగుల బల్లలు చేసి పంపేవాడు. ఇప్పుడు బాయిలు ఒక్కొక్కటే మూతపడ్డాయి, మనుషులు తగ్గారు. అయితే రిటైరైన వాళ్ళు మంచిర్యాలలోనో శ్రీరాంపూర్‌లోనో కొత్త ఇళ్ళు కట్టుకుంటున్నారు, వంటింట్లో వరసగా సొరుగులు పెట్టించుకుంటున్నారు. దుకాణంలో దొరికే స్టీలు పిడిని మా ఆయన ఏ సొరుగుకూ అప్పుడూ బిగించలేదు, ఇప్పుడూ బిగించడు. దర్వాజాలు కోయగా మిగిలిన టేకు ముక్కలతో తనే పిడులు చేస్తాడు. "దుకాణంల కొన్నది అందరిండ్లల్ల ఒక్కతీరుగనే ఉంటది. గిది నీ ఇంట్ల తప్ప యాడ దొరకది" అని గిరాకీలకు చెబుతాడు.

ఆయన ముక్క కోసి, వెనక నుంచి మర బిగించేందుకు రంధ్రం వేసి, ఉలితో, ఆకురాయితో దానికి ఆకారం తెస్తాడు. అక్కడితో ఆయన పని అయిపోతుంది. మిగతాది నాది. ముతక గరుకు కాగితం, నడిమి రకం, సన్న రకం, ఆ వరసలో రుద్దాలి, అదీ కర్రలోని చారల వెంబడే. అడ్డంగా రుద్దితే గీతలు పడతాయి, నూనె పట్టించాక అవి ఇంకా బాగా కనపడి నవ్వుతాయి. తడి బట్టతో ఒకసారి తుడిస్తే అణిగి ఉన్న నూగు లేచి నిలబడుతుంది, ఆరాక మళ్ళీ రుద్దాలి. ఆ తర్వాత దూది. దిండ్లలోకని బోథ్ నుంచి మా ఆడబిడ్డ ఏటా పత్తి పంపుతుంది. అందులోంచి చిటికెడు తీసి పిడి మీద అటూ ఇటూ లాగుతాను. ఒక్క పోగు చిక్కుకున్నా అక్కడ ఇంకా గరుకు మిగిలినట్టే. చివరికి అవిసె నూనె, మైనం.

ఇంతవరకూ నలుగురికీ తెలిసిన పనే. ఎవరికీ చెప్పని పని ఇంకొకటి ఉండేది.

పెళ్ళయిన కొత్తలో ఒకరోజు జొన్న పిండి కలుపుతూ ఉప్పు కోసం సొరుగు లాగబోతే చెయ్యి జారింది. ఆయన చేసిన పిడే, అద్దంలా మెరుస్తోంది, పట్టు మాత్రం దొరకలేదు. వంటింట్లో ఆడదాని చెయ్యి పొడిగా ఉండేదెప్పుడు? పిండో, నూనో, తడో ఏదో ఒకటి ఉంటూనే ఉంటుంది. మగవాడు పిడిని పొడి చేత్తో పట్టి చూసి బాగుందనుకుంటాడు. అప్పటి నుంచి ప్రతి కొత్త రకం పిడినీ మా వంటింటి పాత సొరుగుకు బిగించి, రొట్టెలు చేసే పూట పిండి చేత్తో ఒకసారి, నూనె చేత్తో ఒకసారి లాగి చూడటం అలవాటు చేసుకున్నాను. జారితే, పిడి అడుగున వేళ్ళ కొసలు ఆనే చోట గుండ్రటి చిన్న ఆకురాయితో సన్నటి గాడి తీస్తాను. పైనుంచి చూస్తే కనపడదు, వేళ్ళకు మాత్రమే తెలుస్తుంది. ఆ గాడి తీయమని నాకు ఎవరూ చెప్పలేదు. తీస్తున్నానని నేనూ ఎవరికీ చెప్పలేదు.

ఇరవై ఎనిమిదేళ్ళలో మా ఆయన ఒక్కసారైనా పిడిని నా ముందు పెట్టి "ఎట్లున్నది?" అని అడగలేదు. పిడుల తట్ట తెచ్చి నా పక్కన పెట్టేవాడు. నేను పని ముగించి తట్ట జరిపితే "అయినయా?" అని తీసుకుపోయి డబ్బాలో సర్దేవాడు. అంతే. అడగనందుకు నాకు బాధగా ఉండేదా అంటే, అప్పుడు లేదు. ఆయనకు అడగడం రాదనుకున్నాను. కొందరు మగవాళ్ళకు కొన్ని మాటలు నోరు తిరగవు కదా.

కోడలు వచ్చింది. కరీంనగర్ పిల్ల, ఇళ్ళ లోపల సామాను ఎలా అమర్చాలో ఏదో డిప్లమా చదివింది. మా ఊరి పిల్ల అని నేనే పట్టుబట్టి తెచ్చుకున్నాను, ఎవరిని అనాలి? వచ్చిన నెలకు కార్ఖానాలోకి వచ్చి, తట్టలోంచి ఒక పిడి తీసి తిప్పి చూసి, "మామయ్యా, దీన్ని ఇంకో తీరుగ చేస్తె ఎట్లుంటది?" అని ఫోను మీద వేలితో బొమ్మ గీసి చూపింది. ఇక కసురుతాడనుకున్నాను. పనిలో ఉన్నప్పుడు అన్నానికి పిలిచినా కసిరే మనిషి. ఆయన ఉలి కింద పెట్టాడు. కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఫోను తీసుకుని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. సాయంత్రానికి ఆ బొమ్మలాగే పిడి చేసి, నన్ను దాటుకుని వెళ్ళి ఆమె చేతిలో పెట్టాడు.

"ఎట్లున్నది బిడ్డా?"

ఆ మాట చెవిన పడగానే నా చేతిలోని కాగితంతో ఎంత గట్టిగా రుద్దానంటే వేలి తోలు లేచింది. ఈయనకు ఆ మాట వచ్చు! నోరు తిరుగుతుంది! ఇన్నేళ్ళూ రాదని నేను సర్దుకున్న మాట, రాక కాదు, నాతో అనాలనిపించక అనలేదు.

ఆ తర్వాత రోజుకొకటి. లేత్ మిషన్ పక్కన చెక్కలు జరిపి ఆమెకు చోటు చేశాడు. కూర్చోవడానికి వీపు ఆనుకునే స్టూలు చేశాడు, అదీ టేకుతో! నేను ఇన్నేళ్ళూ గోనెసంచి మడతేసుకుని కూర్చుంటున్నాను. గిరాకీ రాగానే "మా కోడలు గీసింది" అని ఎదురెళ్ళి చూపేవాడు. ఆమె చాయ్ తెస్తే వేడివేడిగా తాగేవాడు. నేను తెచ్చిన చాయ్ మీద మీగడ కట్టాక గానీ ఆయనకు గుర్తొచ్చేది కాదు. ఇలాంటివన్నీ ఏరుకుని మనసులో దాచుకుంటున్నందుకు నాకే సిగ్గేసేది, అయినా మానలేకపోయాను.

ఆ పిల్ల నాతో ఎప్పుడూ ఎదురు మాట్లాడలేదు. "అత్తమ్మా, మీరు జర కూసోండ్రి, నేను రుద్దుత" అని కాగితం అందుకోబోయేది. "నీకెందుకు బిడ్డా. నువ్వు గీసెటిదానివి. రుద్దెటందుకు నేనున్న గదా" అనేదాన్ని. నవ్వుతూనే అనేదాన్ని. ఆమెకు అర్థమయ్యేది, ముఖం చిన్నబోయేది, నాకు కడుపు చల్లబడేది.

ఒకరోజు "అత్తమ్మా, జర చెయ్యి చాపుండ్రి" అని నా అరచేతిలో కొత్త పిడి పెట్టి ఫోటో తీసింది. స్టేటస్‌లో పెట్టి, కింద "గీసింది నేను, చేసింది మా మామయ్య" అని రాసింది. ఇక కరీంనగర్ నుంచి, బోథ్ నుంచి పొగడ్తలే పొగడ్తలు. ఆఖరికి నా సొంత చెల్లెలు ఫోను చేసి "అక్కా, నీ కోడలు బంగారమే" అంది. ఆ ఫోటోలో పిడి కంటే నా చెయ్యే పెద్దగా ఉంది, బొటనవేలి పక్కన పగుళ్ళతో సహా. ఆ చెయ్యి ఎవరిదని ఒక్కరూ అడగలేదు.

అన్నిటికంటే దసరా నాడు మండింది. దసరాకు పనిముట్లన్నీ కడిగి, పీట మీద ఎర్రబట్ట పరిచి, వాటికి పూజ చేస్తాం. ఉలులు, రంపాలు, బాడిశ వరసగా పేర్చి మా ఆయనే ఒక్కొక్కదానికి బొట్టు పెడతాడు. నా గుండ్రటి ఆకురాయి వంటింటి సొరుగులో, గరిటెల కింద ఉంటుంది. అది ఆ పీట ఎక్కిన పాపాన పోలేదు, ఎక్కాలని నేనూ అనుకోలేదు. ఆ ఏడు ఆయన అన్నిటికీ బొట్లు పెట్టి, ఇంకా ఏదో మరిచినట్టు అటూ ఇటూ చూసి, "బిడ్డా, నీ పెన్సిలు, నీ స్కేలు తేపో" అన్నాడు. వాటిని తీసుకుని తన తండ్రి నాటి బాడిశ పక్కన పెట్టి పసుపు కుంకుమ పెట్టాడు. నేను కొబ్బరికాయ పట్టుకుని వెనక నిలబడి ఉన్నాను. ఆ కాయను నేల మీద కొట్టాలో ఎక్కడ కొట్టాలో తెలియనంత కోపం వచ్చింది నాకు.

పండుగ దాటాక శ్రీరాంపూర్ నుంచి పని వచ్చింది. బాయిలో కూలీల మీద సర్దారుగా చేసి రిటైరైన ఒకాయన కొత్త ఇల్లు. ఆయన భార్య ఆ ఫోటో చూసి మరీ వచ్చింది. వంటింటికి ఇరవై రెండు పిడులు కావాలంది. కోడలు కొత్త ఆకారం గీసింది, పావురం గుడ్డులా నున్నగా, ఎక్కడా అంచు లేకుండా. బాగుంది, అబద్ధం ఎందుకు. చూస్తే చేత్తో పట్టుకోవాలనిపించేది.

మొదటి పిడి నా దగ్గరికి రాగానే అలవాటు కొద్దీ తీసుకెళ్ళి పాత సొరుగుకు బిగించాను. మర్నాడు పొద్దున పిండి చేత్తో లాగాను. జారింది. నూనె చేత్తో లాగాను. చేపపిల్లలా జారింది. గోళ్ళతో పట్టి గుంజితే గానీ సొరుగు కదల్లేదు. నాకు సంతోషం వేసింది. రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, అది సంతోషమే. వెనక అలికిడైతే తిరిగి చూశాను. కోడలు నీళ్ళ బిందెతో గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏందత్తమ్మా?" అంది.

"ఏం లే. ఉప్పు కోసం" అన్నాను.

గాడి తీయడానికి ఒక్కోదానికి అయిదు నిమిషాలు కూడా పట్టదు. నేను తీయలేదు. పైగా ఆ ఇరవై రెండు పిడులనూ నా జన్మలో దేన్నీ రుద్దనంత శ్రద్ధగా రుద్దాను. సన్న కాగితం రెండుసార్లు పట్టాను. మైనం రెండు పూతలు వేశాను. ఎంత నున్నగా ఉంటే అంత బాగా జారుతాయని తెలిసే వేశాను. తట్ట జరిపాను. ఆయన "అయినయా?" అన్నాడు. కోడలు ఒక్కొక్క పిడినీ పేపరులో చుట్టి, పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు డబ్బాలో పెట్టింది. ఆయన బండి మీద డబ్బా కట్టుకుంటున్నప్పుడైనా ఆగమని చెప్పలేదు. వాపసు రానీ, గీసింది ఎవరో అందరికీ తెలుస్తుంది కదా అనుకున్నాను. "బిడ్డా" అని పిలిచే ఆ నోరు అప్పుడు ఏమని పిలుస్తుందో వినాలనిపించింది.

గృహప్రవేశం అయిన వారానికి శ్రీరాంపూర్ ఆమె ఫోను చేసింది. మా ఆయన చేతుల నిండా జిగురు ఉండటంతో స్పీకరు పెట్టాడు. అందరం విన్నాం.

"అన్నా, పిడులు సూడ సక్కగున్నయి, నేను కాదంటలేను. గని చెయ్యి తడున్నా, నూనెగున్నా పట్టు దొర్కుతలేదు. సుట్టాలు బువ్వకు కూసున్నప్పుడు మా తోటికోడలు గంటె కోసమని సొరుగు గుంజితె చెయ్యి జారి ఎనుకకు ఎల్లెలుకల పడ్డది. అందరు నవ్విన్రు. కొత్తింట్ల నా మొకం యాడ పెట్టుకోవాలె చెప్పు."

ఆయన మర్నాడే వెళ్ళి ఇరవై రెండూ విప్పుకొచ్చాడు. సంచి కార్ఖానా నడుమ కుమ్మరించాడు. కోడలు కుళాయి దగ్గర చేతులు తడుపుకొచ్చి ఒకదాన్ని పట్టి చూసింది. జారింది. ఇంకొకటి పట్టింది. మూడోదాని దగ్గర ఆగిపోయి, "తప్పు నాదే మామయ్యా. గీసింది నేనే గదా" అంది. నేను ఎదురుచూసిన ఘడియ అదే. చేతిలో కాగితం పక్కన పెట్టి మరీ చూస్తున్నాను.

ఆయన ఆమె వైపు చూడనేలేదు. ఒక పిడి తిప్పి, అడుగున తడిమి, నా వైపు తిరిగాడు.

"గీత ఎవ్వలన్న గీస్తరు. పోయేది నీ చెయ్యి దాటే గదా. గాడి ఏది?"

"ఏ గాడి?" అన్నాను.

"ఏ గాడేందే? గిన్నేండ్ల సంది నువ్వు తీసే గాడి. నాకు ఎర్కలేదనుకున్నవా? ఇప్పటిదాంక ఒక్క పిడి వాపసు రాలే. నువ్వు తట్ట జరిపినవంటె నేను మళ్ళ ముట్టి సూడ. నువ్వు సూసినంక ఇంక నేను సూసేదేమున్నది?"

కోపంతో అనలేదు. నిజంగానే అర్థం కాక అడిగాడు. తెలుసు ఈయనకు. మొదటి నుంచీ తెలుసు. ఆమె చెయ్యి కొత్తది కాబట్టి ఆమెను అడిగాడు. నన్ను అడగాల్సిన పనే లేదనుకున్నాడు. మరి ఆ ముక్క ఒక్కనాడైనా నోటితో ఎందుకు చెప్పలేదని గట్టిగా అరవాలనిపించింది. అరవడానికి ఆ పూట నాకు మొహం లేదు.

నోటికి వచ్చింది అనేశాను. "ఈ నడుమ కండ్లు మసకమసకగ అయితున్నయి. సరిగ కనబడలే."

ఎంత తెలివితక్కువ అబద్ధమో అంటుండగానే తెలిసింది. గాడి అవసరమో కాదో చెప్పేవి కళ్ళు కావు, వేళ్ళు. కోడలు తలెత్తి నా వైపు చూసింది. ఆ పొద్దున గుమ్మంలో నిలబడి నా చెయ్యి జారడం చూసింది కదా, అదేమిటో ఇప్పుడు ఆమెకు అర్థమైంది. ఇప్పుడు చెప్పేస్తుందనుకున్నాను. ఆమె తల వంచుకుని పిడులన్నీ ఏరి సంచిలో వేసింది. ఒక్క మాట అని ఉంటే నేను నాలుగు మాటలు తిరిగి అని బయటపడేదాన్ని.

మా ఆయన ముఖం మాత్రం పాలిపోయింది. "కండ్లా? ఎన్ని దినాల సంది? నాకు చెప్పవేందే?" మోతిబిందు, అదే కంట్లో పొర, వచ్చిందేమోనని భయపడ్డాడు. వాళ్ళ అవ్వకు అదే వచ్చి, ఎవరూ పట్టించుకోక, ఆఖరికి చూపు పోయింది. "నువ్వు ఫికర్ చెయ్యకు" అని నాకు చెబుతూ తనే పరేషాన్ అయ్యాడు. రెండు రోజులు ఉలి పట్టలేదు. వద్దు వద్దంటున్నా వినకుండా కరీంనగర్ కళ్ళ దవాఖానాకు బయలుదేరదీశాడు. బస్సులో నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి, దుమ్ము పడుతుందని అద్దం మూశాడు. దారి పొడుగునా దుకాణాల బోర్డులు చూపించి "గది సదువు, గా పక్కది సదువు" అన్నాడు. ఒకటి రెండు కావాలనే తప్పు చదివాను.

డాక్టరమ్మ కళ్ళలో మందు వేసి, లైటు పెట్టి చూసింది. "పొర లేదు, ఏం లేదు. దగ్గరి చూపుకు చిన్న అద్దాలు పడతాయి, ఈ వయసులో అందరికీ వచ్చేదే. కళ్ళు బాగున్నాయి" అంది.

"జర మంచిగ సూడుండ్రి అమ్మా. కండ్లు కనబడక పని తప్పు పోయింది" అన్నాడు ఆయన. ఆమె మళ్ళీ చూసింది. మళ్ళీ అదే చెప్పింది.

బయటికి రాగానే ఆయన ముఖం వెలిగిపోయింది. "ఏం లేదట!" అని ఇద్దరికీ చాయ్ చెప్పాడు. సగం తాగాక గ్లాసు పట్టుకుని ఆగిపోయాడు. నేను చూస్తూనే ఉన్నాను. కళ్ళు బాగుంటే గాడి ఎందుకు లేదన్నది ఆయనకు అప్పుడు తట్టింది. తల తిప్పి నన్ను చూశాడు. అడుగుతాడనుకున్నాను. అడిగితే అంతా చెప్పేద్దామనే అనుకున్నాను, స్టూలు గురించి, ఫోటో గురించి, బాడిశ పక్కన పెట్టిన పెన్సిలు గురించి. ఆయన మిగతా చాయ్ తాగి, గ్లాసు పెట్టి, "బస్సు టైమైతున్నది" అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు బోర్డులు చదవమనలేదు.

ఇరవై రెండింటికీ గాడి తీసి పంపాం. కోడలు పక్కన కూర్చుని నేర్చుకుంటానంటే వద్దనలేదు. ఇప్పుడు సగం తనే తీస్తుంది, నా కంటే సన్నగా వస్తుంది. అది చూస్తే ఇప్పటికీ కొంచెం మండుతుంది నాకు, కాదనను. శ్రీరాంపూర్ ఆమె మళ్ళీ ఫోను చేయలేదు.

ఆయన ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. కోపం లేదు, మాటల్లో తేడా లేదు. నేను ఇచ్చిన చాయ్ కూడా చల్లారకముందే తాగుతున్నాడు. కానీ తట్ట జరిపితే ఇదివరకులా ఎత్తుకుపోవడం లేదు. నా ఎదురుగా వచ్చి కూర్చుంటాడు. ఇరవై ఎనిమిదేళ్ళు ఏమీ అడగని మనిషి ఇప్పుడు నన్ను అడుగుతాడు.

"సూసినవా?"

"సూసిన" అంటాను.

అప్పుడు ఒక్కొక్క పిడినీ తిప్పి, అడుగున తన బొటనవేలు ఆనించి చూసుకుని, డబ్బాలో వేస్తాడు.